మిద్దె మీది కొత్త పావురం

ఆ రోజుల్లో అనుమానించడానికి ఇప్పటంత కష్టపడాల్సిన పని ఉండేది కాదు. పాలవాడు చెంబులో పోస్తుంటే నీళ్ల సంగతి, కిరోసిన్ కొట్టువాడు కొలత ముంచుతుంటే వాడి బొటనవేలి సంగతి, ఇంటివాళ్లు నవ్వుతూ పలకరిస్తే వచ్చే నెల అద్దె సంగతి అందరూ హాయిగా అనుమానించేవాళ్లు. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. నా మట్టుకు నాకైతే ఆ గుణం పుట్టుకతోనే అబ్బింది. మా నాయనమ్మ దగ్గర పెరిగినవాడికి అబ్బకుండా ఎలా ఉంటుంది? కాకి రెండుసార్లు అరిస్తే రెండో అరుపు ఎందుకని ఆలోచించే మనిషి ఆవిడ. కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరి నుంచి నేను ఉద్యోగానికి హైదరాబాదు బయల్దేరిన రోజున, నా నుదుట విభూతి పెట్టి, రైలు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని ఒకే మాట చెప్పింది. "అక్కడ ఎవరైనా నీ మొహం చూసి నవ్వితే ముందు జేబు తడుముకోరా నాయనా." నేను ఆ మాటను గాయత్రి కన్నా శ్రద్ధగా పాటించాను.

డెబ్భయ్యో దశకం మొదటి రోజులు అవి. నా ఉద్యోగం పాతబస్తీలో, దబీర్‌పురా స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక చిన్న హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరుగా. అప్పటికి మా ప్రాంతానికీ ఆ ప్రాంతానికీ మధ్య జరిగిన గొడవలు సద్దుమణిగాయి గానీ, నేను నోరు తెరిచి "అయ్యా, నిమ్మకాయలు ఎంతండీ" అనగానే బజారంతా ఒకసారి ఇటు తిరిగి "మీరు ఆ దిక్కోళ్లా?" అని అడగడం మాత్రం పోలేదు. (చెడ్డగా అడిగేవాళ్లు కారు. ఊరికే అడిగేవాళ్లు. కానీ ఊరికే అడిగేవాళ్ల మీదే నాకు ఎక్కువ అనుమానం.) స్కూలు వెనక సందులోనే ఒక ఇంటి మిద్దె మీద గది దొరికింది. ఇంటాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. గల్లీ గల్లీ ఆయన్ను బాపు అనే పిలిచేది, కనక నేనూ బాపు అన్నాను. ఆయన భార్యను పిన్నిగారూ అనేవాణ్ణి. ఆ పిలుపు వినగానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నేను జేబు తడుముకునేవాణ్ణి. వాళ్లకు ఒక్కడే కొడుకు, నా పదో తరగతి విద్యార్థి. వాడికి పావురాల పిచ్చి. నా గది పక్కనే చెక్కపెట్టెల్లో వాడి పావురాలు రాత్రింబవళ్లు గుర్రుగుర్రుమంటూ ఉండేవి. క్లాసులో వాణ్ణి అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు, అందరికీ వాడు 'కబూతర్', అంటే పావురమే.

ఆ ఇంట్లో నన్ను కలవరపెట్టిన విషయం తిండి. నేను అద్దె ఇచ్చేది గదికి మాత్రమే. అయినా సాయంత్రం అయ్యేసరికి మెట్ల మీద గాజుల చప్పుడు, చేతిలో మూత పెట్టిన గిన్నె. ఒకరోజు జొన్నరొట్టె, తొక్కు. ఒకరోజు పచ్చిపులుసు. "సారూ, తినుండ్రి. ఒక్క మనిషి ఏం వండుకుంటడు?" అనేది పిన్నిగారు. ఉత్తినే ఎవరైనా పెడతారా? మా ఊళ్లో అయితే రెండోసారి పప్పు వడ్డిస్తేనే, ఈయనకు మన చెరువు కింద మడి మీద కన్ను పడిందేమో అనుకునేవాళ్లు. పైగా ఆదివారాలు కార్వాన్ బస్తీ నుంచి పిన్నిగారి చెల్లెలు వచ్చేది. ఆ అమ్మాయి మిద్దె మీద బట్టలు ఆరేస్తూ, నేను రొట్టెను అన్నంలా పిసికి పులుసులో కలుపుకోవడం చూసి, మొహం తిప్పుకుని కిందికి పరిగెత్తేది. కింద నుంచి నవ్వులు వినపడేవి. ఈ నవ్వుల వెనక ఏదో ఉందని నాకు రూఢి అయిపోయింది.

ఇంతలో మా మేనమామ ఏదో పనిమీద నగరానికి వచ్చి, నా గదిలో ఒక పూట ఉండి, గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు. మా ఊరికి దగ్గర్లో ఉన్న స్కూల్లో ఇంగ్లీషు మాస్టరు వెళ్లిపోతున్నాడు, ఆ పోస్టు నాకోసం పట్టి ఉంచాడు, దీపావళికల్లా వచ్చేయాలి. "ఇక్కడ ఎవరికీ చెప్పకు, అడ్డం పడతారు" అని కూడా అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఇంటి దగ్గరే ఉద్యోగం, నాయనమ్మ చేతి ఆవకాయ, నా భాష విని ఎవరూ తల తిప్పని బజారు, ఇంకేం కావాలి? పదో తరగతి పిల్లలకు మార్చిలో పబ్లిక్ పరీక్ష ఉందన్న మాట మధ్యమధ్యలో ముల్లులా గుచ్చుకునేది గానీ, నాకు ముందు ముగ్గురు ఇంగ్లీషు మాస్టర్లు సరిగ్గా ఇలాగే నడిమధ్యలో వెళ్లిపోయారని స్టాఫ్‌రూములో చెప్పుకునేవాళ్లు, అంటే అది ఆ స్కూలు ఆచారమేననుకుని సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు అసలు కథలోకి వస్తాను. ఆ నెలలో పాఠ్యపుస్తకంలో కొవ్వొత్తి మీద ఒక పద్యం వచ్చింది. పిల్లలు గైడు చూసి సారాంశం బట్టీ కొట్టి అప్పజెప్పేశారు. నాకు కొత్త ఉద్యోగపు ఉత్సాహం ఎక్కువ. బల్ల మీద గుద్ది చెప్పాను. "పద్యంలో కొవ్వొత్తి కొవ్వొత్తి కాదర్రా. అది ఒక మనిషి జీవితం. కవి ఒక వస్తువును చూపించి ఇంకొకటి చెబుతాడు. దాన్ని సింబల్ అంటారు." వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "కొవ్వొత్తి కొవ్వొత్తి గాకుంటే, కరెంటు పోయినప్పుడు మేం ముట్టిచ్చేది ఏంది సార్?" అని నిజాయితీగా అడిగాడు. ఇలా లాభం లేదని, వాళ్ల చేత వాళ్లకే పద్యాలు రాయించాలని నిశ్చయించుకున్నాను. ప్రతివాడూ ఇంట్లోని ఒక వస్తువునో ప్రాణినో తీసుకుని ఇంగ్లీషులో ఆరు వాక్యాలు రాయాలి. అది నిజానికి దేనికి గుర్తో లోపల దాచిపెట్టాలి. అన్నింటినీ వరండా గోడకు అంటిస్తాం. మిగతావాళ్లు చదివి కనిపెట్టాలి. ఒక్కటే షరతు, రాసినవాడు చచ్చినా చెప్పకూడదు. "చెప్తే ఏమైతది సార్?" అన్నాడు కబూతర్. "చెబితే అది పద్యం కాదు, ఫిర్యాదు" అన్నాను గొప్పగా. (ఆ మాట నాకు అప్పటికప్పుడు తట్టింది. ఇప్పటికీ నా జీవితంలో నేను అన్న మంచి మాటల్లో అదొకటి.)

ఆ వారం నుంచి పిల్లలకు సింబల్ జబ్బు పట్టుకుంది. ఇంట్లో పప్పు పలచగా ఉంటే "అమ్మా, ఇది దేనికి సింబల్?" అని అడిగారట. ఒకడి తండ్రి కొత్త చెప్పులు కొనుక్కుంటే కొడుకు రెండు రోజులు ఆయన వైపు అదోలా చూశాడట. నాకు మాత్రం కడుపు నిండిపోయింది. పద్యాలు గోడకెక్కాయి. ఇంగ్లీషు నడుం విరిగినా, కాళ్లు ఈడ్చుకుంటూనైనా, ప్రతి పద్యమూ ఎక్కడికో ఒకచోటికి నడిచింది.

మా హెడ్మాస్టరుగారి గురించి రెండు మాటలు చెప్పాలి. వేసవిలో కూడా నల్లకోటు తొడిగే పెద్దమనిషి. కోటు జేబులో తాళాలగుత్తి. సుద్దముక్కల పెట్టెకూ తాళమే, గంట కొట్టే సుత్తికీ తాళమే. అనుమానంలో నేను ఒక గ్రామమైతే ఆయన ఒక జిల్లా. గోడ మీద పద్యాలు చూసిన మర్నాడే నన్ను గదికి పిలిపించారు. బల్ల మీద గోడ నుంచి ఊడదీసిన రెండు కాగితాలు ఉన్నాయి. బల్ల పక్కన డ్రిల్లు మాస్టరు గడ్డం నిమురుకుంటూ నిలబడి ఉన్నాడు.

"కూసోండ్రి," అన్నారు హెడ్మాస్టరుగారు. "ఇగో, ఇది చదువుండ్రి."

చదివాను. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: 'మా తాళం చాలా పెద్దది. మా తాళం చాలా పాతది. లోపల ఏమీ లేదు. అయినా రోజూ వేస్తాం. అందరూ దాన్ని చూసి భయపడతారు. లోపల ఏమీ లేదని మాకు తెలుసు.'

"తాళం అంటే ఎవరు?"

"తాళం అంటే తాళమేనండీ."

"అచ్ఛా? మరి క్లాసుల కొవ్వొత్తి అంటే కొవ్వొత్తి కాదని చెప్పిండ్రంట?"

ఆయన కళ్లజోడు మీది నుంచి చూస్తూ, నెమ్మదిగా, కోర్టులో వకీలులాగా సాగదీశారు. "కొవ్వొత్తి కొవ్వొత్తి కాదు. తాళం మాత్రం తాళమే. ఏంది సార్ మీ హిసాబు?"

డ్రిల్లు మాస్టరు ఆగలేకపోయాడు. రెండో కాగితం నా ముందుకు తోసి, "మరి ఇది? 'మా మేకకు గడ్డం ఉన్నది, పొద్దంత అరుస్తది, దాని మాట ఒక్కలు గూడ ఇనరు' అంట! మేక ఎవరు? చెప్పుండ్రి, మేక ఎవరు?" అన్నాడు. గడ్డం ఊగింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆయన మొహం చూస్తే ఆ పద్యం ఎంత చక్కగా కుదిరిందో నాకు అప్పుడే తెలిసింది.

పిల్లల్ని పిలిపించారు. తాళం రాసినవాడు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎన్ని రకాలుగా అడిగినా "చెప్పొద్దన్నరు సార్" అని నా వైపు చూపిస్తాడే గానీ నోరు విప్పడు. హెడ్మాస్టరుగారి చూపు ప్రతిసారీ వాడి మీది నుంచి నా మీదికి వచ్చి ఆగేది. చివరికి నేనే బతిమాలి షరతు ఎత్తేస్తే, వాడు నేల చూపులు చూస్తూ, "మా ఇంట్ల నిజంగనే ఏం లేదు సార్. అయినా అమ్మ పెద్ద తాళం ఏస్తది. గల్లీల ఇజ్జత్ పోవద్దని" అన్నాడు. హెడ్మాస్టరుగారు తాళాలగుత్తిని జేబులోకి మెల్లగా తోసేసుకున్నారు. మేక రాసినవాణ్ణి అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. (మేక మాత్రం డ్రిల్లు మాస్టరే. అది రాసినవాడు టీసీ తీసుకున్న రోజున నాకు చెవిలో చెప్పాడు.)

అయినా నా మీద అనుమానం తీరలేదు. "ఆ దిక్కునుంచి వచ్చిండ్రు, పోరగాండ్ల చేత గోడల మీద రాతలు రాయిస్తుండ్రు. లొల్లి కావొద్దు" అంటూ హెడ్మాస్టరుగారు స్వయంగా వరండాలోకి వచ్చి, మిగతా పద్యాలన్నీ ఒక్కొక్కటే పరీక్షించారు. కుండ మీద రాసినదాంట్లో ప్రభుత్వాన్ని వెతికారు. చీపురు మీద రాసినదాన్ని రెండుసార్లు చదివి, అటెండరును పిలిచి అడిగి, వదిలేశారు. చివరికి కబూతర్ పద్యం దగ్గర ఆగారు. మొట్టమొదటిసారి ఆయన మొహంలో నవ్వు చూశాను.

"ఇది మంచిగున్నది. దీంట్ల ఏ గడ్‌బడ్ లేదు. ఉత్త పావురం." తర్వాత నా చెవి దగ్గరకు వంగి, "నా చిన్నతనంల మా ఇంటి మీద మస్తు పావురాలు ఉండె సార్. పోరనికి పని ఎరుకే" అని మురిసిపోయారు.

ఆ పద్యం ఇదీ: 'ఎక్కడి నుంచో ఒక పావురం మా మిద్దె మీద వాలింది. దాని కూత మా పావురాల కూత కాదు. మా బాపు దాని రెక్కలకు దారం కట్టాడు. మా అమ్మ సజ్జలు వేసింది. అది తిని, గోడ మీద కూర్చుని, తూర్పు వైపు చూస్తుంది. జత దొరికితే పోదు.'

చదివి నేనూ నవ్వి ఊరుకున్నాను. సాయంత్రం గదికి వెళ్లి, పిన్నిగారు పంపిన గిన్నె మూత తీశాను. సజ్జరొట్టె. చేయి గిన్నెలోనే ఆగిపోయింది. మా మిద్దె. తేడా కూత. నేను రోజూ సాయంత్రం పిట్టగోడ మీద కూర్చుని తూర్పు వైపు, అంటే మా ఊరి వైపు, చూస్తూ ఉంటాను. కబూతర్‌ను పిలిచి, ఏమీ తెలియనట్టు, "ఏరా, మీవాళ్లు పరాయి పావురం వస్తే ఏం చేస్తారు?" అని అడిగాను. వాడికి పావురాల మాట ఎత్తితే ఒళ్లు తెలియదు. "ఎవరిదో పావురం మన మిద్దె మీద దిగితే మనదే సార్! ముందుగాల రెక్కల ఈకలకు దారం కడతం, ఎగరకుంట. మంచి దానా ఏస్తం. జత కలుపుతం. జత కుదిరిందంటే ఇగ ఫికర్ లేదు. దారం ఇప్పినా పోదు. పైకి ఎగిరి, తిరిగి తిరిగి మన మిద్దె మీదికే వస్తది" అన్నాడు.

జత! నాకు కార్వాన్ నుంచి వచ్చే చెల్లెలు కళ్లముందు మెదిలింది. నవ్వులు, గిన్నెలు, పచ్చిపులుసు, అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. వీళ్లు నన్ను ఇల్లరికంలోకి దించబోతున్నారు! నేను దీపావళికి వెళ్లిపోతానని వీళ్లకు ఎవరు చెప్పారు? మేనమామ నా గదిలో గొంతు తగ్గించి మాట్లాడినప్పుడు పావురాల పెట్టె దగ్గర ఎవరున్నారు? ఇక ఆ రోజు నుంచి నా బతుకు బతుకు కాదు. గిన్నె వస్తే "కడుపులో బాగాలేదండీ" అనేవాణ్ణి. ఆవిడ మర్నాడు వాము కషాయం తెచ్చేది. (దానాలో ఇదొక రకం అనుకున్నాను.) మాటల మధ్య అసందర్భంగా "మా మరదలు ఉందండీ ఊళ్లో, చిన్నప్పటి నుంచీ అనుకున్న సంబంధం" అని లేని మరదల్ని పుట్టించాను. పిన్నిగారు సంతోషంగా "మంచిది సారూ, ఎప్పుడు లగ్గం?" అంది. ఎంత నటన అనుకున్నాను.

శనివారం సాయంత్రం బాపు డ్యూటీ దిగి, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా మెట్లెక్కి వచ్చాడు. "సారూ, రేపు ఎటూ పోకుండ్రి. మీకోసమని ఒకలను తోలుకొస్తున్న. ఇగ మీకు ఫికరే ఉండదు" అన్నాడు, తమాషాగా కన్నుగీటి. నిద్రపట్టలేదని వేరే చెప్పాలా? తెల్లవారగానే ట్రంకు పెట్టె సర్దేశాను. పుస్తకాలు, పంచెలు, నాయనమ్మ ఇచ్చిన విభూతి పొట్లం, అన్నీ కుక్కేశాను. దీపావళి ఎలాగూ దగ్గర్లోనే ఉంది, రెండు వారాలు ముందు వెళితే కొంపేం మునగదు. హెడ్మాస్టరుగారికి ఊరి నుంచి రాజీనామా పంపవచ్చు. పదో తరగతి సంగతి మాత్రం తలుచుకోకూడదని తలుచుకున్నాను. పెట్టె భుజాన ఎత్తుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, మెట్లు దిగుతున్నాను. సగం దిగానో లేదో కింది తలుపు తెరుచుకుంది.

బాపు. ఆయన వెనక, చంకలో పరుపుచుట్ట, చేతిలో మరచెంబు, యాభై ఏళ్లు దాటిన ఒక బట్టతల పెద్దమనిషి. మెట్ల మీద నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. "నమస్కారమండీ! మాదీ కృష్ణా జిల్లానే. కరెంటాఫీసులో గుమస్తాని. మీ గదిలో చోటుందని బాపుగారు చెబితే ప్రాణం లేచొచ్చిందనుకోండి. 'అండీ' అన్న మాట విని ఎన్నాళ్లయిందండీ!"

నేను పెట్టెతో సహా గోడకు ఆనుకున్నాను. బాపు గర్వంగా నా వైపు చూశాడు. "మీ భాష మాట్లాడేటోడు గావాలని నయాపూల్ దాకా దేవులాడిన సారూ. మీరు గదిల ఒక్కలే మీతోని మీరే మాట్లాడుకుంటున్నరని పోరడు చెప్పిండు. మనిషి ఒంటిగుంటే గట్లనే అయితది. పెద్దమనిషి, అద్దెల సగం మీకు తగ్గుతది గూడ."

(నేను గదిలో ఒక్కణ్ణే మాట్లాడుకున్న మాట నిజమే. మర్నాటి పాఠం గట్టిగా చెప్పుకుంటూ సాధన చేసేవాణ్ణి. కొవ్వొత్తి కొవ్వొత్తి కాదు అని పదిసార్లు అరిచే మనిషిని చూసి ఎవరైనా ఏమనుకుంటారు?)

లోపలి నుంచి పిన్నిగారి చెల్లెలు గ్లాసుల్లో చాయ్ పట్టుకుని వచ్చింది. ఆమె పక్కనే, కొత్తగా నూనె రాసిన తలతో, వర్క్‌షాపు కుర్రాడొకడు సిగ్గుపడుతూ నిలబడి ఉన్నాడు. నిశ్చితార్థం అయిన పెళ్లికొడుకట. ఆ అమ్మాయి అతని చెవిలో ఏదో చెప్పింది. నేను రొట్టెను పిసుక్కుని తినే సంగతే అయి ఉంటుంది. ఇద్దరూ నవ్వారు. నేను జేబు తడుముకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.

అప్పుడు చూశాను, వాళ్లందరి వెనక కబూతర్ నిలబడి ఉన్నాడు. వాడు నవ్వడం లేదు. నా భుజం మీది ట్రంకు పెట్టెను చూస్తున్నాడు. పెద్దవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు గానీ వాడికి తట్టింది. ముగ్గురు ఇంగ్లీషు మాస్టర్లు వెళ్లడం చూసినవాడు కదా. "పోతున్నరా సార్?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేను మిగతా మెట్లు దిగి వాడి దగ్గరగా వెళ్లి, మెల్లగా, "ఆ పద్యంలో పావురం ఎవర్రా?" అని అడిగాను.

వాడు నా మొహంలోకి చూశాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాడు. "చెప్పొద్దని మీరే అన్నరు గద సార్. చెప్తే పద్యం కాదు, ఫిర్యాదు."

నా మాట నాకే వచ్చి తగిలింది. హెడ్మాస్టరుగారు తాళంలో తనను చూసుకున్నారు, డ్రిల్లు మాస్టరు మేకలో చూసుకున్నాడు, నేను పావురంలో పెళ్లికొడుకును చూసుకున్నాను. ఒక పసివాడు తన మాస్టరు వెళ్లిపోతాడేమోనని భయపడి ఆరు వాక్యాలు రాస్తే, అందులో ఆ భయం తప్ప మిగతావన్నీ కనిపించాయి మాకు. క్లాసు మొత్తంలో సింబల్ అంటే ఏమిటో నేర్చుకున్నవాడు వీడొక్కడే, నేర్పినవాడికే అర్థం కాలేదు. నాకు చాలా సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా, ఎందుకో చెప్పలేను, సంతోషం వేసింది. ఇంటి నుంచి ఇంత దూరంలో నేను వెళ్లిపోతానేమోనని ఒకరు బెంగపెట్టుకున్నారు.

"ఈ పెట్టె ఎక్కడికి సారూ?" అని అప్పుడు అడిగాడు బాపు.

"నల్లులండీ," అన్నాను. "పెట్టె నిండా నల్లులు. ఎండలో పెడదామని."

"ఎండ మిద్దె మీద గదా ఉండేది? కిందికి ఎందుకు దింపుతున్నరు?"

వెనక్కి తిరిగి పెట్టెతో మళ్లీ మెట్లెక్కాను. కొత్త గుమస్తాగారు మరచెంబుతో నా వెంటే ఎక్కుతూ, "నల్లులు ఎక్కువగా ఉన్నాయంటారా?" అని దిగులుగా అడిగాడు. అబద్ధం ఆడాక తప్పుతుందా, ఆ ఆదివారమంతా నా పంచెలూ చొక్కాలూ పుస్తకాలూ పావురాల పెట్టెల మీద పరిచి, లేని నల్లుల్ని వెతుకుతూ కూర్చున్నాను. నాతోపాటు గుమస్తాగారూ వెతికారు. మధ్యాహ్నానికి ఆయనకు ఒకటి దొరికింది కూడా. (అది ఆయన పరుపుచుట్టలోదని నా అనుమానం.) సాయంత్రం గిన్నె వచ్చింది. అంతకు ముందు రోజులు మాడ్చుకున్నదానికి కూడా కలిపి తిన్నాను.

దీపావళి వెళ్లిపోయింది. మేనమామ మూడేళ్లు నాతో మాట్లాడలేదు. మార్చిలో నా పదో తరగతి పిల్లలు పరీక్ష రాసి, ఇంగ్లీషులో అందరూ గట్టెక్కారు. తాళం రాసినవాడికి మంచి మార్కులు వచ్చాయి. వాళ్లు గట్టెక్కాక వెళదామనుకున్నాను. తర్వాతి బ్యాచు గట్టెక్కాక అనుకున్నాను. అలా అనుకుంటూ అనుకుంటూ ఆ స్కూల్లోనే నల్లకోటు తొడిగే దాకా వచ్చి, రిటైరై, ఆ చుట్టుపక్కలే ఇల్లు కట్టుకున్నాను. గుమస్తాగారి గురక మాత్రం ఎనిమిదేళ్లు విన్నాను. మా ఊరు వెళితే ఇప్పుడు అక్కడి బజారులో నేను నోరు తెరిచి "ఎంతకిస్తవ్?" అనగానే జనం తిరిగి చూస్తారు, "మీరు ఆ పక్కవాళ్లా?" అంటారు.

మొన్న శీతాకాలంలో కబూతర్ కనిపించాడు. వాడూ వర్క్‌షాపులో రిటైరయ్యాడు, తల నెరిసింది, మనవలు ఉన్నారు. పావురాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాడి మిద్దె మీద కూర్చుని చాయ్ తాగుతూ, ఇన్నేళ్లుగా మనసులో ఉన్న మాట అడిగేశాను. "ఒరేయ్, ఇప్పుడైనా చెప్పు. నాకు కట్టిన దారం ఎప్పుడు విప్పావురా?"

వాడు పావురాలకు సజ్జలు జల్లుతూ, నా వైపు చూడకుండానే నవ్వాడు. "ఆ ఆదివారమే ఇప్పేసిన సార్. మీరు పెట్టె ఎత్తుకొని మీదికి ఎక్కుతున్నప్పుడే. మీరే చూస్కోలే."

చాయ్ అయిపోయింది. కర్ర పట్టుకుని, సందులో నుంచి నా పాటికి నేను ఇంటికి నడిచి వచ్చాను. దారిలో ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులు నా మొహం చూసి నవ్వారు, జేబు సంగతి గుర్తుకు రాలేదు. ఇంట్లో చొక్కా విప్పుతుంటే మాత్రం, ఎందుకైనా మంచిదని, భుజాల కింద ఒకసారి తడుముకున్నాను.